అరచేతిలో ఇమిడే సూదీదారం సంచి: కుట్టుకోవడం, సర్దుకోవడం, దారిలో వాడుకోవడం

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా అందరూ హుషారుగానే ఎక్కుతారు. మోకాళ్ల మెట్టు దగ్గరికి వచ్చేసరికి కుచ్చిళ్లు కాలి కింద పడి చీర ఫాల్ మూరెడు ఊడొస్తుంది. పిల్లాడి పైజామా నాడా లోపలికి జారిపోతుంది. ఎవరిదో జాకెట్టు హుక్కు తెగుతుంది, "పిన్నీసు ఉందా అమ్మా" అని పక్కవాళ్లను అడగడం మొదలవుతుంది. సంప్రదాయ దుస్తుల్లో ఉంటేనే దర్శనానికి పంపుతారు కాబట్టి, పంచె చిరిగిందని ప్యాంటు తగిలించుకుని వెళ్లే వీలు లేదు. పెళ్లికి బస్సెక్కినా, ఇంటర్వ్యూకి రైలెక్కినా ఇదే తంతు.

ఫ్యాన్సీ స్టోర్లలో ప్లాస్టిక్ డబ్బా కిట్లు దొరుకుతాయి. పది రంగుల దారాలు కనిపిస్తాయి గానీ, చాలావాటిలో దారం రెండు కుట్లకే పుటుక్కుమంటుంది, కత్తెర దారాన్ని కత్తిరించకుండా నములుతుంది. డబ్బా ఒక్కసారి తెరిస్తే సూదులన్నీ ఒళ్లో పడతాయి. గుడ్డతో మనమే ఒక సంచి కుట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. ఈ సంచి కుట్టడానికి నాలుగు రకాల కుట్లు చాలు, దారిలో రిపేర్లకు కావలసినవీ ఆ నాలుగే. అందుకే ఇంట్లో మిషను ఉన్నా దీన్ని చేత్తోనే కుట్టమంటాను. సంచి పూర్తయ్యేసరికి చేతికి అలవాటు కూడా వచ్చేస్తుంది.

గుడ్డ ఏది?

పైన వేసే గుడ్డ నేత దట్టంగా ఉన్న కాటన్ అయితే మంచిది. జారిపోయే పాలియెస్టర్, సిల్కు మొదటిసారి కుట్టేవాళ్లకు వద్దు. మన దగ్గర కలంకారీ ముక్కలకు కొదవ లేదు కదా, జాకెట్టు కుట్టించగా మిగిలిన ముక్క దీనికి సరిగ్గా సరిపోతుంది. అయితే శ్రీకాళహస్తి కలంతో గీసిన బొమ్మల గుడ్డను దీనికోసం కోయొద్దు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, పటిక పూసి, వెదురు కలంతో గీసి, మళ్లీ మళ్లీ ఉతికి తీసే పని అది. అచ్చులు వేసిన మచిలీపట్నం తరహా కలంకారీ చాలు. ఆ గుడ్డల్లో నల్ల గీతలకు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు వాడతారు. ఇనుము ఉన్న నల్లరంగు ఏళ్లు గడిచేకొద్దీ నూలును పెళుసు చేస్తుంది. అందుకని బాగా పాతబడిన కలంకారీ అయితే, నల్లరంగు దట్టంగా ఉన్న భాగం మడత మీదికి రాకుండా కత్తిరించుకోండి. కొత్త గుడ్డ ఏదైనా ముందు ఒకసారి ఉప్పు నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. ముడుచుకుపోయేదేదో కత్తిరించక ముందే ముడుచుకుపోతుంది.

లోపలి గుడ్డ లేత రంగుది, డిజైను లేనిదే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. పువ్వుల గుడ్డ మీద సూది జారిపడితే కళ్లతో వెతకం, వేలితో వెతుకుతాం. పాత తెల్ల చొక్కా వీపు భాగం బాగుంటుంది. పంచె ముక్క మెత్తగా ఉంటుంది గానీ మడతల దగ్గర త్వరగా చిరుగుతుంది.

సూదులు గుచ్చడానికి ఉన్ని ముక్కలు రెండు కావాలి. పాత శాలువ, స్వెటర్, మంకీ క్యాప్ ఏదైనా సరే. స్పాంజి మాత్రం వద్దు, అది చెమ్మ పట్టి సూదులకు తుప్పు తెస్తుంది.

ఇక సూదులు, హుక్కులు, నాడా, కాన్వాస్ గుడ్డ లాంటివి తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు చుట్టుపక్కల మ్యాచింగ్ సెంటర్లలో, టైలర్ సామాన్ల అంగళ్లలో దొరుకుతాయి. చిత్తూరు వాళ్లకు బజారు వీధి ఉండనే ఉంది. సూదుల కోసం పొద్దున పూటే వెళ్లండి. దీపాలు పెట్టే వేళ దాటాక సూది అమ్మని అంగళ్లు ఇంకా ఉన్నాయి, వాళ్లతో వాదన అనవసరం.

కొలతలు

పూర్తయిన సంచి తెరిస్తే 12 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు ఉంటుంది. రెండు మడతలు వేసి, చివరి రెక్క మూస్తే అరచేతిలో పడుతుంది. చుట్టూ అర అంగుళం కుట్టులోకి పోతుందని లెక్కేసి ఇలా కత్తిరించండి:

పై గుడ్డ, లోపలి గుడ్డ: ఒక్కొక్కటి 13 × 5.5 అంగుళాలు
కాన్వాస్ ముక్క (కాలరులో వేసేది): 12 × 4.5
పెద్ద జేబు గుడ్డ: వెడల్పు 5.5, పొడవు 7
చిన్న జేబు గుడ్డ: వెడల్పు 5.5, పొడవు 5
ఉన్ని ముక్కలు రెండు: 3.5 × 2.5
కట్టడానికి నాడా: 20 అంగుళాలు

పొడవు కొలత ఎప్పుడూ పడుగు పోగుల వెంటే తీయండి. గుడ్డ అంచు పక్కన ఉంటే పడుగు ఏదో తెలిసిపోతుంది, అంచుకు సమానంగా పోయేదే పడుగు. అంచు లేని ముక్క అయితే రెండు వైపులా లాగి చూడండి, తక్కువ సాగేది సాధారణంగా పడుగు. పోగులకు ఏటవాలుగా కోస్తే సంచి మెలి తిరుగుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా దారికి రాదు.

దారం ఎక్కించడం, ముడి వేయడం

సూదుల ప్యాకెట్ మీద నంబరు ఎంత పెద్దదైతే సూది అంత సన్నం. ఈ పనికి 7 లేదా 8 నంబరు సూది. దారం మూరెడే తీసుకోండి. మళ్లీ మళ్లీ ఎక్కించాలన్న బద్ధకంతో రెండు మూరలు తీసుకుంటే, ఆదా అయిన సమయమంతా చిక్కులు విప్పడానికే పోతుంది. కొసను ఏటవాలుగా కత్తిరించి, రెండు వేళ్ల గోళ్ల మధ్య కొస మాత్రం కనిపించేలా నొక్కిపెట్టి, సూదినే దారం మీదికి తీసుకురండి. ఎంగిలి తడి దారానికి కాకుండా సూది బెజ్జానికి అద్దితే ఇంకా తేలిగ్గా దూరుతుంది. ముడికి దారం కొసను చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో దొర్లించి జార్చి, బిగించండి. కుడుతుండగా దారం పురి ఎక్కితే సూదిని వదిలేసి వేలాడనివ్వండి, గిరగిరా తిరిగి పురి అదే విడిపోతుంది.

కుట్టడం

మొదట లోపలి గుడ్డ మీద కింది అంచు నుంచి నాలుగున్నర అంగుళాల దగ్గర ఒక అడ్డగీత, పదిన్నర దగ్గర ఇంకో గీత సుద్దతో గీయండి.

చిన్న జేబుతో మొదలుపెట్టండి. గుడ్డను అడ్డంగా సగానికి మడిస్తే రెండున్నర అంగుళాల పట్టీ అవుతుంది. దాన్ని తలకిందులుగా, అంటే మడత కిందికి, కోసిన అంచులు పైకి వచ్చేలా లోపలి గుడ్డ మీద పరిచి, కోసిన అంచులను నాలుగున్నర గీతకు ఆనించండి. అంచుకు పావు అంగుళం కింద బ్యాక్ స్టిచ్ వేయండి. సూదిని ఒక కుట్టు వెనక్కి దించి, రెండు కుట్ల దూరం ముందుకు తేలుస్తూ పోతే అదే బ్యాక్ స్టిచ్. పైనుంచి చూస్తే మిషను కుట్టులా వరసగా ఉంటుంది, చేతి కుట్లలో దీనికున్న బలం దేనికీ లేదు. పూర్తయ్యాక పట్టీని పైకి తిప్పి గోటితో గీకండి. కోసిన అంచులు జేబు లోపల దాగిపోతాయి. పక్కలను రెండు మూడు పెద్ద కుట్లతో నిలిపి ఉంచండి.

పెద్ద జేబు సులువు. సగానికి మడిచి, మడత పైకి ఉండేలా, కోసిన అంచులను లోపలి గుడ్డ కింది అంచుకు కలపండి. ఎడమ అంచు నుంచి మూడు అంగుళాల దగ్గర నిలువుగా బ్యాక్ స్టిచ్ వేస్తే రెండు గదులవుతాయి. జేబు నోటి దగ్గర ఆ కుట్టును రెండుసార్లు వేయండి, కత్తెర తీసి పెట్టేటప్పుడు మొదట విడిపోయే చోటు అదే.

ఉన్ని ముక్కల చుట్టూ కాజా కుట్టు. అంచు మీదుగా సూదిని దింపి, బయటికొచ్చే ముందు దారాన్ని సూది కొన కింద వేసుకుని లాగితే, అంచు వెంబడి ఒక గట్టు కడుతుంది. పావు అంగుళానికి ఒకటి వేస్తే శాలువ పోగులు ఊడిరావు. రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి, పై అంచును పదిన్నర గీతకు ఆనించి, ఆ అంచు ఒక్కటే గుడ్డకు కుట్టండి. కింద వదిలేస్తే పుస్తకం పేజీల్లా తెరుచుకుంటాయి.

ఇప్పుడు పై గుడ్డ వెనక వైపు మధ్యలో కాన్వాస్ పెట్టి, అక్కడక్కడ కచ్చా కుట్లు, అంటే తర్వాత తీసేసే పొడుగు కుట్లు వేయండి. నాడాను సగానికి మడిచి, ఆ మడతను పై గుడ్డ మంచి వైపు, పై అంచు మధ్యలో నిలపండి. రెండు కొసలూ గుడ్డ మధ్యకు చుట్టిపెట్టి పిన్నీసు పెట్టండి, లేకపోతే అవి కూడా కుట్టులో పడతాయి. దీని మీద లోపలి గుడ్డను జేబులు కిందికి, అంటే మంచి వైపులు రెండూ ఎదురెదురుగా వచ్చేలా పరవండి. పెద్ద జేబు నాడాకు ఎదురు కొసన ఉండాలి. చుట్టూ అర అంగుళం లోపలికి బ్యాక్ స్టిచ్. ఒక పక్కన, కింది నుంచి 7 అంగుళాలకూ 10 అంగుళాలకూ మధ్య మాత్రం కుట్టకుండా వదలండి.

నాలుగు మూలలూ కుట్టుకు దగ్గరగా ఏటవాలుగా కత్తిరించండి. వదిలిన సందులోంచి సంచి మొత్తాన్ని తిరగేయండి. మూలలను పొడవడానికి కత్తెర వద్దు, మొద్దుబారిన పెన్సిల్ చాలు. ఇస్త్రీ చేసి, సందు అంచులను లోపలికి మడిచి హెమ్మింగ్‌తో మూయండి. ఒక వైపు గుడ్డలో ఒకటి రెండు పోగులు, ఎదుటి వైపు మడత అంచు కలిపి సూదితో అందుకుంటూ పోతే అదే హెమ్మింగ్. చివరగా అంచు నుంచి పావు అంగుళం లోపల, చుట్టూ రన్నింగ్ కుట్టు, అంటే సూదిని సమాన దూరాల్లో కిందికీ పైకీ పోనిచ్చే కుట్టు వేస్తే కాన్వాస్ కదలకుండా నిలుస్తుంది. దానికి ఎరుపో, పసుపో, కనిపించే రంగు దారం వాడుకోండి, అందంగా ఉంటుంది. కచ్చా కుట్లను, పిన్నీసును తీసేయండి.

మడత వేసే తీరు: పెద్ద జేబును చిన్న జేబు మీదికి, ఆ రెంటినీ కలిపి ఉన్ని పేజీల మీదికి, పైన మిగిలిన రెక్కను వాటి మీదికి. నాడా చుట్టి ముడేయండి.

లోపల ఏముండాలి?

ఇక్కడ అందరికీ ఆశ పుడుతుంది. టేపు, సుద్ద, పాతిక గుండీలు, నాలుగు రకాల జిప్పు రన్నర్లు... వద్దు. దారిలో తెగేవి ఏమిటో వాటికి సరిపడా ఉంటే చాలు. సంచి లావెక్కితే ఇంట్లో వదిలేసి వెళ్తారు.

ఉన్ని పేజీల్లో 7 నంబరు సూదులు రెండు, 9 నంబరు సూదులు రెండు, చిన్న దబ్బనం ఒకటి. రెండు సూదులకు ముందే దారం ఎక్కించి పెట్టుకోండి, ఒకదానికి తెలుపు, ఒకదానికి నలుపు. చత్వారం ఉన్నవాళ్లకు కదిలే రైల్లో ఇది వరం.

దారాలు ఐదు రంగులు: తెలుపు, నలుపు, మెరూన్, ఖాకీ, పట్టుచీర జరీకి కలిసే పసుపు. రీళ్లు వద్దు. పాత పెళ్లి శుభలేఖ అట్టను రెండంగుళాల ముక్కలుగా కోసి, రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, ఒక్కో రంగు నాలుగైదు మూరలు చుట్టండి. శుభలేఖ అట్ట దళసరిగా ఉంటుంది, దారం బిగించి చుట్టినా వంగదు. చుట్టే ముందు దారాన్ని రెండు చేతులతో ఒక్క గుంజు గుంజి చూడండి. బీరువాలో ఏళ్ల తరబడి పడున్న నూలు దారం ఇట్టే తెగుతుంది, దాన్ని పారేయండి.

గుండీలను విడిగా జేబులో వేస్తే సంచి తలకిందులు కాగానే దొర్లిపోతాయి. తెల్ల చొక్కా గుండీలు నాలుగు, ప్యాంటు గుండీ ఒకటి కలిపి ఒక పిన్నీసుకు గుచ్చి చిన్న జేబులో పెట్టండి. హుక్కులు నాలుగు, టిచ్ బటన్లు రెండు జతలు ఖాళీ మాత్రల స్ట్రిప్పు ముక్కలో పెట్టి టేపు అంటిస్తే సరి. పెద్ద జేబులో ఒక గదిలో మూడున్నర అంగుళాల చిన్న కత్తెర, మొనకు పాత ఎరేజర్ ముక్క గుచ్చి. రెండో గదిలో దారం అట్టలు, చిటికెన వేలంత కొవ్వొత్తి ముక్క. పిన్నీసులు పెద్దవి, చిన్నవి కలిపి ఆరు, రెక్క లోపలి వైపు గుచ్చుకోండి.

దారిలో వాడకం

చొక్కా గుండీ. గుండీని గుడ్డకు బిగించి కుట్టేస్తే కాజాలో పట్టదు, పట్టినా గుడ్డ ముడతలు పడుతుంది. దారం రెండు పేటలు చేసుకుని, సూదిని ముందు వైపు నుంచి దించండి. ముడి గుండీ కింద దాక్కుంటుంది. ఉన్నచోటే రెండు చిన్న కుట్లు వేశాక గుండీ పెట్టి, గుండీ పైన ఒక అగ్గిపుల్ల అడ్డంగా ఉంచి, దాని మీదుగా ఒక్కో జత బెజ్జాలకు నాలుగు కుట్లు వేయండి. మిగతా గుండీల కుట్టు గుణకారం గుర్తులా ఉందా, రెండు గీతల్లా ఉందా చూసి అలాగే వేయండి. అగ్గిపుల్ల తీసేసి గుండీని పైకి లాగితే కింద కాస్త వదులు దొరుకుతుంది. సూదిని గుండీకీ గుడ్డకూ మధ్యకు తెచ్చి, ఆ దారాల కాండం చుట్టూ ఐదు చుట్లు బిగించి, కాండంలోంచే రెండుసార్లు సూది పోనిచ్చి కత్తిరించండి. ఇలా వేసిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు.

జాకెట్టు హుక్కు. చాలామంది రెండు చెవుల చుట్టూ కుట్టి వదిలేస్తారు, అందుకే ఊపిరి తీసినప్పుడల్లా హుక్కు తల లేచి చివరకు తెగుతుంది. ఒక్కో చెవి చుట్టూ నాలుగైదు కాజా కుట్లు వేశాక, సూదిని గుడ్డ పొరల మధ్య నుంచే హుక్కు మెడ దాకా జార్చి, మెడ మీదుగా మూడు కుట్లు వేసి అణచండి. సూది పై గుడ్డలోకి రాకూడదు. ఎదుటి వైపు కన్ను ఊడితే లోహపు కన్ను కోసం వెతకక్కర్లేదు. పావు అంగుళం పొడవున నాలుగు పేటల దారం వంతెనలా వేసి, దాని మీద దగ్గర దగ్గరగా కాజా కుట్టు కప్పేయండి, హుక్కు అందులో చక్కగా పడుతుంది.

చీర ఫాల్. ఒంటి మీద ఉన్న బట్ట కుట్టకూడదని పెద్దలంటారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, కట్టుకున్న చీర కుట్టబోతే సూది కాలికి దిగడం ఖాయం. నడక దారిలో చీర విప్పలేం కనుక, మెట్ల పక్కన కూర్చుని, ఊడిన అంచును మోకాలి మీద తిరగేసి పరిచి, కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని కుట్టండి. ఒంటి పేట దారం, 9 నంబరు సూది. అర అంగుళానికి ఒక హెమ్మింగ్ కుట్టు, చీర వైపు ఒకటి రెండు పోగులే అందుకోవాలి. దారాన్ని లాగి బిగిస్తే అంచు కుచ్చు పడుతుంది. అంత ఓపిక లేకపోతే లోపలి వైపు నుంచి మూడు పిన్నీసులు పెట్టి దర్శనం కానివ్వండి.

పంచె చిరుగు. అతుకు వేయడం కంటే రఫూ నయం. ఇక్కడొక చిట్కా ఉంది. పంచె కొసల్లో వేలాడే పోగులు లాగి, అదే దారంగా వాడండి. రంగు, మందం అచ్చంగా కలుస్తాయి. చిరుగుకు అటూ ఇటూ అర అంగుళం బాగున్న గుడ్డలోంచి మొదలుపెట్టి, ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి నేసినట్టు పోండి. వరస చివర దారాన్ని కొంచెం వదులుగా ఉంచాలి, ఉతికినప్పుడు అది ముడుచుకుంటుంది.

ప్యాంటు వెనక కుట్టు విడిపోతే తిరగేసి, రెండు పేటలతో, విడిపోయిన చోటుకు అంగుళం ముందు నుంచి అంగుళం తర్వాతి దాకా బ్యాక్ స్టిచ్. అంతే.

నాడా జారిపోతే దాని కొసకు పిన్నీసు పెట్టి, గొట్టంలో వేళ్లతో జరుపుకుంటూ తీసుకురండి. పావడాలకు, పైజామాలకు వెనక నడుము మధ్యలో నాడాను గొట్టంతో కలిపి రెండు కుట్లు ముందే వేసి ఉంచితే, అది ఇక ఎన్నడూ జారదు.

బ్యాగు పట్టీ. దారాన్ని నాలుగు పేటలు చేసి, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగి, దబ్బనానికి ఎక్కించండి. పట్టీని ఊడిన చోట పెట్టి, చదరంగా చుట్టూ, తర్వాత మూల నుంచి మూలకు అడ్డంగా కుట్టండి. దబ్బనాన్ని వేలితో నెట్టొద్దు, రూపాయి బిళ్లతో నెట్టండి.

మరికొన్ని జాగ్రత్తలు

తిరుమలలో దర్శనం క్యూలోకి సంచులు, ఫోన్లు వెంట రానివ్వరు, లగేజీ కౌంటర్లో ఇచ్చేయాలి. కాబట్టి లైనులోకి వెళ్లే ముందు నాలుగు పిన్నీసులు తీసి పావడా నడుముకో, పంచె మడతకో లోపలి వైపు గుచ్చుకోండి. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్లు కత్తెరను చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో వేసేయండి. నెయిల్ కట్టర్‌తో దారం కత్తిరించుకోవచ్చు.

కదిలే బస్సులో కుట్టొద్దు. రైల్లోనైనా పక్కన పసిపిల్లలుంటే సూదిని సీటు మీద పెట్టకండి, చొక్కాకు గుచ్చుకోవడం కూడా వద్దు. చేతిలో లేనప్పుడు దాని చోటు ఉన్ని పేజీయే. సంచి మూసేటప్పుడు సూదులు లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోండి. వంగినవి, విరిగినవి ఖాళీ మాత్రల స్ట్రిప్పులో దూర్చి టేపు చుట్టాకే చెత్తలో వేయాలి, చెత్త ఏరేవాళ్లు చేతులతో తీస్తారు.

మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు బీరువాలోని బట్టలకే బూజు పడుతుంది, సూదులు ఏపాటి? ఆ నెలల్లో సంచిని అప్పుడప్పుడు ఎండలో తెరిచిపెట్టండి. పాత టైలర్లు కుట్టే ముందు సూదిని తలలోకి ఒకసారి పోనిచ్చి తీసేది ఊరికే కాదు, జుట్టుకున్న నూనె అంటితే సూది జారుగా దిగుతుంది, తుప్పూ పట్టదు. నున్నదనం పోయిన సూదిని ఉప్పు కాగితం మీద నాలుగు గీతలు గీసి, నూనె గుడ్డతో తుడిస్తే మళ్లీ పనికొస్తుంది. నల్ల మచ్చలు లోపలికి దిగిన సూదిని మాత్రం ఉంచొద్దు, తెల్ల పంచెకు దాని తుప్పు మరక అంటితే ఉతుకులకు పోదు. ప్రయాణం నుంచి రాగానే, బట్టలు ఉతకడానికి వేసే రోజే, వాడేసిన దారం, గుండీలు మళ్లీ నింపి పెట్టండి.